వండిన చెయ్యికి పేరేది?

1878లో మద్రాసులో ఒక ఇంగ్లీషు వంటల పుస్తకం అచ్చయింది. పేరు ‘కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్’. రాసింది కెన్నీ-హెర్బర్ట్ అనే మిలటరీ దొర. ‘వైవర్న్’ అని మారుపేరు పెట్టుకున్నాడు. మద్రాసు ఎండల్లో ఫ్రెంచి వంటలు ఎట్లా వండించుకోవాలో తోటి దొరలకు, దొరసానులకు అందులో చెప్పాడు.

అదే పుస్తకంలో మన మిరియాల చారు కూడా ఉంది. అయితే దాని పేరు మారింది. అరవంలో ‘మిళగు తణ్ణీర్’ అంటే మిరియాల నీళ్ళు. దొరల నోట్లో అది ‘ముళిగటానీ’ అయింది. మనం అన్నంలో పోసుకునే చారులో మాంసం వేసి, చిక్కబరిచి, సూపని గిన్నెలో తాగారు. ఆ పిచ్చి ఎంత ముదిరిందంటే మద్రాసు దొరలకు ‘మల్’లని ఎగతాళి పేరే పడింది. వాళ్ళకు మన చారు విదేశీ వంట. సరే, తిననీ. తిండికి ఎల్లలేముంది?

మన ప్రశ్న వేరు. ఆ చారు కాచిందెవరు?

పుస్తకం నిండా ‘రామసామి’ అనే వంటవాడు కనబడతాడు. అది ఒక మనిషి పేరు కాదు. వంటవాళ్ళందరినీ కలిపి దొర పిలిచిన ఒకే పేరు! దొరల ఇంట్లో గొడ్డుమాంసం, పందిమాంసం వండాలి. పై కులాలోళ్ళు వాటిని ముట్టరు. అందుకే ఆ వంటిళ్ళలో ఎక్కువగా చేరింది పరయ కులస్తులు, అంటే మనసొంటి అంటరానోళ్ళే. ఊళ్ళో వాళ్ళ నీడ పడితే మైల. దొర బల్ల మీద వాళ్ళ చెయ్యే రుచి. వంట చెడితే తిట్లు రామసామికి. వంట కుదిరితే పేరు వైవర్న్‌కి.

ఆ పుస్తకం వచ్చినప్పటికి మన నేల మీద ఏం జరిగింది? 1876-78 పెద్ద కరువు. మార్కాపురం, కంభం, గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. కరువు ఘోరంగా కొట్టిన జిల్లాల్లో కర్నూలొకటి. 1877లో రిచర్డ్ టెంపుల్ దొర కరువు పనిలో మగమనిషికి రోజుకు కట్టిన కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా లేదు. ఒక దొర సూపుల లెక్క రాస్తే, ఇంకో దొర మన మెతుకుల లెక్క కట్టాడు. రెండు లెక్కల్లోనూ మనకు పేరు లేదు.

దొరలు పోయారు. కథ మారిందా? నిన్నటిదాకా సజ్జరొట్టె, కొర్రన్నం లేనోళ్ళ కూడు. 2023ను ప్రపంచ చిరుధాన్యాల సంవత్సరమన్నారు. ఇప్పుడవి పట్నంలో ‘సిరిధాన్యాలు’, పొట్లం కట్టి ఖరీదుకు అమ్ముతున్నారు. ‘తెలుగింటి వంటలు’ అని అచ్చయ్యే పుస్తకాల్లో మాత్రం మన నెత్తురు కూర, ఎండబెట్టిన తునకలు కనబడవు. అవి తెలుగిళ్ళు కావా?

మరాఠ్వాడాలో షాహూ పటోళె అనే దళిత రచయిత 2015లో తన వాళ్ళ తిండి మీద మరాఠీలో పుస్తకం రాశాడు. 2024లో అది ఇంగ్లీషులోకీ పోయింది. ఆ పని మనమెందుకు చెయ్యం?

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! పల్లెకొక నోటుపుస్తకం కొనండి. అవ్వల దగ్గర కూచోండి. కరువులో ఏం తిన్నారో, పండక్కి ఏం వండారో, తునకలు ఎట్లా ఎండబెట్టారో అడిగి రాయండి. ప్రతి వంట కింద ఆ అవ్వ పేరు, పల్లె పేరు రాయండి. అవ్వ పోతే ఆ వంట పోతుంది. రేపు ఇంకెవరో ఇంకో పేరుతో దాన్ని మనకే అమ్ముతారు.

ఇక మీదట మన వంటకు రామసామి పేరొద్దు. మన పేరే ఉండాలి.