డ్యూకా, అపాచీయా? అమ్మ వేయాల్సిన లెక్కలు

వంటింట్లో పప్పు ఉడుకుతుంటే హాల్లో మోటార్ సైకిల్ గొడవ ఉడికే ఇళ్ళు ఇప్పుడు తిరుపతిలో, చిత్తూరులో వీధికి రెండైనా ఉంటాయి. అబ్బాయి కేటీఎం డ్యూక్ 390 అంటాడు. వాడి స్నేహితుడు టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 310 అంటాడు. ఇంటాయన పేపరు అడ్డం పెట్టుకుంటారు. ఆఖరికి "నువ్వు చెప్పమ్మా" అని మన దగ్గరికే వస్తుంది. "నాకేం తెలుసు నాయనా" అని తప్పుకోకండి. బియ్యం కొనేటప్పుడు నాలుగు గింజలు కొరికి చూసేవాళ్ళం, ఇన్ని లక్షల బండిని చూడలేమా?

వీటిని నేకెడ్ బైకులంటారు. పేరు విని ముక్కున వేలేసుకోకండి. రేసు బండ్లకు ముందూ పక్కలా ఉండే ప్లాస్టిక్ తొడుగు వీటికి ఉండదు, ఇంజను బయటికి కనిపిస్తుంటుంది, అంతే. గాలి నేరుగా రొమ్ముకే కొడుతుంది.

ఎంత బలం, ఎంత బరువు

మన చిన్నప్పుడు వీధంతా హడలెత్తించిన యమహా ఆర్‌ఎక్స్ 100 గుర్తుందా? 1985 నుంచి 1996 వరకు తయారైన ఆ బండి బలం 11 హార్స్ పవర్. ఇప్పుడు ఇంటింటా ఉండే స్ప్లెండర్‌ది దాదాపు 8. అపాచీ 310ది 35 పైచిలుకు. డ్యూక్ 390ది 46. అంటే ఆర్‌ఎక్స్ 100లు నాలుగు కలిపి ఒకే బండికి కట్టినట్టు.

బరువులో మాత్రం రెండూ తోడికోడళ్ళే. డ్యూక్ 168 కిలోలు, అపాచీ 169. స్ప్లెండర్ కంటే 55 కిలోలకు పైగా ఎక్కువ, అంటే రెండు బియ్యం బస్తాలు అదనం. సీటు ఎత్తు అపాచీకి 800 మిల్లీమీటర్లు, డ్యూక్‌కి 800 నుంచి 820. మీ అబ్బాయిని షోరూములో కూర్చోబెట్టి రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయో లేదో మీరే చూడండి. వేళ్ళ కొనల మీద నిలబడేవాడు ఇసుక మీద బండి ఆపితే పడిపోతాడు.

350 దగ్గర ఉంది గీత

షోరూము వాళ్ళు సీసీలు చెప్పి వదిలేస్తారు. ఖర్చు మారేది అక్కడే. అపాచీ ఇంజను 312 సీసీ, డ్యూక్‌ది 399. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్లకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అది దాటిన వాటికి 40 అయింది.

ఇన్సూరెన్సుకూ అదే గీత. కొత్త బండికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా కట్టి తీరాలి. 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ బండికి ఐదేళ్ళకు 7,365 రూపాయలు, 350 దాటితే 15,117. రెట్టింపు కన్నా ఎక్కువ! కాబట్టి షోరూము ధర అడిగి ఊరుకోవద్దు. పన్ను, బీమా, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి చేతికి వచ్చేసరికి ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఇంజను సైజు కూడా అందులోనే రాయించండి. కంపెనీలు పన్నును బట్టి ఇంజన్లు మార్చుకుంటుంటాయి.

కొన్నాక వచ్చే ఖర్చు కూడా వేసుకోవాలి. రెంటికీ వెనక టైరు 150 సైజు, వెడల్పాటిది. మార్చాల్సి వస్తే స్ప్లెండర్ టైరు ధరకు రాదు. పెట్రోలు లీటరుకు ముప్పై కిలోమీటర్లు, అటూ ఇటూగా లెక్కేసుకోండి. ట్యాంకు డ్యూక్‌కి 15 లీటర్లు, అపాచీకి 11.

స్పేర్ పార్టుల సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. 2024 నవంబరులో ఆస్ట్రియాలో కేటీఎం కంపెనీ అప్పుల్లో కూరుకుపోయిన మాట నిజమే. కానీ మన దగ్గర అమ్మే డ్యూక్‌ను పుణె దగ్గర చకన్‌లో తయారు చేసేది బజాజ్ వాళ్ళు. 2025లో ఆ కంపెనీ పగ్గాలు కూడా బజాజ్ చేతికే వచ్చాయి. ఇక అపాచీ మన పక్కనున్న హోసూరు సరుకే. ఏది కొన్నా సర్వీసు సెంటరు మీ ఊళ్ళోనే ఉందో లేదో ముందు కనుక్కోండి.

మన దారులు ఎలాంటివి?

అలిపిరి నుంచి కొండ మీదికి దాదాపు 18 కిలోమీటర్లు. ఎక్కడానికి 1974లో వచ్చిన రెండో ఘాట్, దిగడానికి 1944 నాటి పాత ఘాట్. అంతకన్నా తొందరగా చేరకూడదని వాహనాలకు ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అని టీటీడీ వారు పెట్టారు. అంటే 46 హార్స్ పవర్ ఉన్నా స్వామి దగ్గరికి ముందే వెళ్ళేది లేదు! భాకరాపేట ఘాట్, పలమనేరు దారిలో మొగిలి ఘాట్ పేర్లు పేపర్లో ఎందుకు వస్తుంటాయో మీకు చెప్పక్కర్లేదు. ఆ మలుపుల్లో పనికొచ్చేది బ్రేకూ, బుద్ధీ. ఈ బండ్లలో ఏబీఎస్ బ్రేకులున్నాయి. దాన్ని వెనక చక్రానికి పని చేయకుండా చేసే సూపర్‌మోటో అనే ఏర్పాటు కూడా ఉంది. అది ఆటస్థలానికే గానీ రోడ్డుకి కాదని వాడి చేత అనిపించండి.

వెనక కూర్చునేది మనమే కదా

ఈ బండ్ల వెనక సీటు చిన్నది, ఎత్తైనది. చీరతో ఒక వైపుకి కూర్చోవడం కత్తి మీద సామే. చక్రాన్ని సగమైనా కప్పే శారీ గార్డు, పట్టుకునే పిడి ఉండాలని చట్టమే చెబుతోంది. అందం చెడుతుందని పిల్లలు వాటిని పీకించేస్తుంటారు. ఒప్పుకోవద్దు. కొంగు, చున్నీ నడుముకు చుట్టి దోపుకోకుండా ఎక్కవద్దు. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు, వాడికొకటి, మనకొకటి, బండితో పాటే కొనండి.

మెట్టు కట్టాల్సింది మనమే

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి ఉంచాను. యూరప్ దేశాల్లో పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి 35 కిలోవాట్ల వరకే, అంటే సుమారు 47 హార్స్ పవర్ వరకే లైసెన్సు. ఆ పైన బండి కావాలంటే రెండేళ్ళు దాని మీద నడిపి మళ్ళీ పరీక్ష గానీ శిక్షణ గానీ పూర్తి చేయాలి. పదహారేళ్ళ వాడికైతే 125 సీసీ. అంతా మెట్లు మెట్లుగా ఉంటుంది. మన దగ్గర గేర్ల బండికి లైసెన్సు ఒకటే. ఈ రోజు వంద సీసీ బండి మీద ఎనిమిది అంకె చుట్టి పాసైన వాడు, రేపు పొద్దున 46 హార్స్ పవర్ బండి ఎక్కినా అడిగేవాళ్ళు లేరు. చట్టం కట్టని మెట్టు ఇంట్లో కట్టాలి.

నా మాట ఇదీ. లైసెన్సు వచ్చి రెండేళ్ళు నిండని వాడికి రెండూ వద్దు. చిన్న బండి మీద వానలో, రాత్రిపూట, ఘాట్‌లో నడిపి చూపించమనండి. రెండేళ్ళు నిలకడగా నడిపినవాడు, ఊళ్ళో ఉద్యోగం, వారానికోసారి కొండ అనేవాడైతే అపాచీ చాలు, గీతకు ఇవతలే ఉంటుంది. బెంగుళూరు, చెన్నై తరచూ వెళ్ళేవాడు, సొంత సంపాదన ఉన్నవాడు, చేయి తిరిగినవాడైతేనే డ్యూక్. ఇక పద్దెనిమిది నిండని పిల్లల సంగతా? 2019లో వచ్చిన సవరణ ప్రకారం వాడు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకు మూడేళ్ళ వరకు జైలు, 25 వేల జరిమానా. అక్కడ బేరమే లేదు.

పిల్లలు అలుగుతారు, రెండు రోజులు అన్నం మానేస్తారు. మూడో రోజు ఉలవచారు వాసనకి వాళ్ళే వస్తారు. అలక తీరుతుంది. తీరనిది వేరే ఉంది, దాన్ని పేరు పెట్టి చెప్పడం నాకిష్టం లేదు. మీకు తెలుసు.