వరదను ఆపాల్సింది ప్లానింగ్ సెక్షన్‌లోనే

2024 సెప్టెంబరు 1న విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వీధుల్లోకి బుడమేరు వచ్చిపడింది. కింది అంతస్తుల్లో ఉన్నవాళ్లు సామాన్లు వదిలేసి డాబాలెక్కారు. పడవలు, ట్రాక్టర్లు పోలేని సందుల్లో డ్రోన్లతో అన్నం పొట్లాలు, మంచినీళ్లు జారవిడవాల్సి వచ్చింది. కొన్ని కాలనీల్లో వారం దాటినా నీరు తీయలేదు. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు. గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చింది. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేల రూపాయల చొప్పున సాయం ఇచ్చారు. ఇవన్నీ చేయాల్సినవే. కానీ ఆ ముంపు ఆ ఒక్క రాత్రి వానతో పుట్టింది కాదు. ఏళ్ల తరబడి నగరపాలక సంస్థల్లో, పంచాయతీల్లో, రెవెన్యూ కార్యాలయాల్లో పడిన వేలాది సంతకాల ఫలితమది.

బుడమేరు స్వభావం ఎవరికీ తెలియనిది కాదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే ఈ వాగుకు వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరద నీటిని డైవర్షన్ కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలోకి మళ్లించారు. ఆ కాలువ మోయగలిగేది సుమారు 15 వేల క్యూసెక్కులు. ఆ రోజు వచ్చిన నీరు అందుకు రెండింతలకు పైమాటే. గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ కూడా పొంగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటి, 2009 నాటి రికార్డును చెరిపేసింది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు డైవర్షన్ కాలువ నీరు అందులోకి దిగదు, వెనక్కి తన్నుతుంది. అప్పుడు బుడమేరుకు మిగిలేది నగరం మీదుగా కొల్లేటికి పోయే పాత దారే. ఆ దారి ఇళ్లతో, పూడికతో, గుర్రపుడెక్కతో ఇరుకైపోయింది. 2005లో కూడా బుడమేరు ఇవే ప్రాంతాలను ముంచింది. అంటే పంతొమ్మిదేళ్ల ముందే నీరు తన హద్దులు చూపించింది. ఆ హద్దుల్ని నగర పటం మీద గీసి, వాటి లోపల ఇల్లు ఎలా కట్టాలో, ఎక్కడ కట్టకూడదో శాసించడం మాత్రం జరగలేదు.

విపత్తు విషయంలో ప్రభుత్వాలు చేయాల్సిన పనులు రెండు. ఒకటి ప్రాణాలు కాపాడటం, రెండోది ప్రమాదాన్నే తగ్గించడం. మొదటిది మనం చాలావరకు నేర్చుకున్నాం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన దాదాపు పది వేల మందిని మింగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఏ రెండు తుపానులూ ఒక్కలా ఉండవు. అయినా ముందస్తు హెచ్చరికలు, తుపాను షెల్టర్లు, సకాలంలో జనాన్ని తరలించడం వల్లే ఇంత తేడా వచ్చిందనడంలో సందేహం లేదు. 1999 సూపర్ సైక్లోన్‌లో వేల మందిని పోగొట్టుకున్న ఒడిశా కూడా 2013 ఫైలిన్ నాటికి లక్షల మందిని ముందే ఖాళీ చేయించి నిలబడింది. ఈ పనిని రాష్ట్ర ప్రభుత్వం, కలెక్టర్ల యంత్రాంగం చేయగలవు, చేస్తున్నాయి కూడా.

రెండో పని అలాంటిది కాదు. అది ఏడాది పొడవునా సాగాలి. లేఅవుట్ అనుమతిలో, డ్రెయిన్ వెడల్పులో, కల్వర్టు ఎత్తులో, చెరువు కట్ట మరమ్మతులో, కొండ మీద ఇచ్చే పట్టాలో జరగాలి. వీటిలో ఎక్కువ భాగం స్థానిక సంస్థల చేతిలోవే. 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన 12వ షెడ్యూల్లో పట్టణ ప్రణాళిక, భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ మొట్టమొదటి అంశాలు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 41వ సెక్షన్ కూడా, తమ పరిధిలోని నిర్మాణాలన్నీ విపత్తు నివారణ ప్రమాణాలకు లోబడి ఉండేలా చూసే బాధ్యత స్థానిక సంస్థలదేనని చెబుతోంది. రెండు దశాబ్దాలుగా ఈ బాధ్యత కాగితం మీద ఉంది.

ఆచరణ ఎలా ఉందో తెలియాలంటే ప్లానింగ్ సెక్షన్‌లో ఒక దరఖాస్తు నడకను గమనించాలి. ఇంటి ప్లాన్ పెట్టగానే రోడ్డు వెడల్పు ఎంత, సెట్‌బ్యాక్ వదిలారా, పార్కింగ్ ఎక్కడ, ఫీజు ఎంత అని లెక్కలు మొదలవుతాయి. చెరువుకో వాగుకో ఆనుకొని ఉంటే బఫర్ సంగతి వస్తుంది. పది హెక్టార్లు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. అంతవరకు సరే. మరి కాలువకు అర కిలోమీటరు దూరంలో ఉన్న పల్లపు స్థలం మాటేమిటి? 2005లో అక్కడ ఎన్ని అడుగుల నీరు నిలిచిందన్న ప్రశ్న ఆ ఫైలును ఆపదు. పునాది ఎంత ఎత్తు లేపాలో, కరెంటు మీటరు, నీళ్ల మోటారు ఏ మట్టంలో బిగించాలో ఆ ప్రశ్న తేల్చదు. బఫర్ గీతకు అవతల ఒక్క మీటరు ఉంటే భద్రమని, ఇవతల ఉంటే ఉల్లంఘన అని చట్టం చూస్తుంది. వరద నీటికి ఆ గీతతో పనిలేదు.

హైదరాబాద్ అనుభవం ఇదే పాఠం చెబుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ నగరాన్ని ఊడ్చేశాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు రోడ్లు, ఇళ్లు, నదీ తీరాన్ని ఒకే పనిగా చూసింది. అలా నదికి పగ్గాలు వేసిన నగరమే తర్వాత గొలుసుకట్టు చెరువుల్ని పట్టించుకోలేదు. 2020 అక్టోబరులో పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి కాలనీలు నీట మునిగాయి. పైచెరువు అలుగు పారితే ఆ నీరు కిందిచెరువుకు చేరాలి. మధ్యలోని నాలాను ఇళ్లు మింగేస్తే ఆ నీరు ఇళ్లలోకే వస్తుంది. చెరువుల పర్యవేక్షణ ఒక శాఖది, నాలా మరొక శాఖది, ఇంటి అనుమతి ఇంకొకరిది అయినప్పుడు మొత్తం నీటి దారిని చూసేవారే ఉండరు.

ప్రమాదం ఒక్క నీటి నుంచే రాదు. బుడమేరు ముంపుకు ముందురోజే విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. ఒకే నగరం, ఒకే వాన. పల్లంలో ఉన్నవాళ్లకు ముంపు, కొండవాలులో ఉన్నవాళ్లకు బండరాళ్లు. జిల్లాకొక ప్రణాళిక రాసి బీరువాలో పెడితే ఈ తేడా అందులోకి ఎక్కదు. వార్డు ప్రణాళిక వార్డులోనే తయారు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శులున్నారు. ఏ వీధిలో ఎంత నీరు నిలుస్తుందో, మంచం దిగలేని వృద్ధులు ఏ ఇంట్లో ఉన్నారో, ఏ డ్రెయిన్ ఎక్కడ మూసుకుపోతుందో ఆ వార్డువాళ్లకే తెలుసు. ఆ జ్ఞానాన్ని రికార్డులోకి ఎక్కించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో పార్లమెంటు చేసిన సవరణ ఒక మంచి అడుగు. రాష్ట్ర రాజధానులకు, నగరపాలక సంస్థలున్న నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థలు ఏర్పాటు చేయవచ్చని అది చెప్పింది. కానీ వాటికి అధ్యక్షులు మున్సిపల్ కమిషనర్లు, ఉపాధ్యక్షులు కలెక్టర్లు. మేయరుకు అందులో చోటు ఇవ్వడం, ఇవ్వకపోవడం రాష్ట్రాల ఇష్టం. ఇక్కడే అసలు లోపం ఉంది. కమిషనర్ రెండు మూడేళ్లలో బదిలీ అవుతారు. వీధిలో నీరు నిలిస్తే జనం నిలదీసేది కార్పొరేటర్‌నే. నిర్ణయం ఒకరిది, జవాబుదారీ ఇంకొకరిది అయితే ప్రణాళిక ఎవరిదీ కాకుండా పోతుంది. మేయరును, ప్రతిపక్ష ప్రతినిధిని కూడా ఈ సంస్థల్లో సభ్యులుగా చేర్చాలి.

నిధులు లేవన్న మాటా పూర్తిగా నిజం కాదు. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధుల్లో 20 శాతాన్ని ముందస్తు నివారణకే విడిగా కేటాయించింది. ఆ డబ్బులో నిర్ణీత వాటా నేరుగా పురపాలికలకు, పంచాయతీలకు చేరాలి. డ్రెయిన్లు, పంపులు, కట్టల మరమ్మతులకు వాడిన ప్రతి పైసా కౌన్సిల్ ముందుకు రావాలి. ముంపు తర్వాత పంచే సాయంతో పోలిస్తే ఈ ఖర్చు తక్కువ. పైగా ఒకసారి వెడల్పు చేసిన కల్వర్టు ప్రతి వానాకాలం పనిచేస్తుంది.

కష్టమైన ప్రశ్న పేదలది. కాలువ గట్టు మీద, వాగు పొరంబోకులో గుడిసె వేసుకున్న కుటుంబం సరదాగా అక్కడికి చేరలేదు. కూలి దొరికే చోటికి దగ్గరగా వేరే జాగా లేక చేరింది. ప్రభుత్వాలే ఆ ఇళ్లకు కరెంటు, నల్లా, రోడ్డు, చివరికి పట్టా కూడా ఇచ్చాయి. ఈరోజు బుల్‌డోజర్‌తో వెళ్లి వాళ్లను ఆక్రమణదారులనడం న్యాయం కాదు. తరలించక తప్పని చోట, పని దొరికే దూరంలో, ముందే కట్టిన ఇంటి తాళం చేతికిచ్చాకే కదపాలి. అదే సమయంలో చెరువు శిఖంలో గేటెడ్ కాలనీ వేసినవాళ్లకు క్రమబద్ధీకరణ పేరుతో జరిమానా కట్టించుకొని వదిలేయడం ఆగాలి. రోడ్డు వెడల్పు లోపాన్ని జరిమానాతో సర్దుబాటు చేయవచ్చు. నీటి దారిని జరిమానాతో తెరవలేం.

ముంపు పటాలు బయటపెడితే స్థలాల ధరలు పడిపోతాయన్నది అధికారులు, నాయకులు లోలోపల చెప్పుకొనే అభ్యంతరం. ధర పడిపోతుందన్న మాట నిజమే కావచ్చు. కానీ ఆ పటం దాచడం వల్ల నష్టం మాయమవదు. తెలిసి అమ్మినవాడి నుంచి తెలియక కొన్నవాడికి బదిలీ అవుతుంది. జీవితకాలం పొదుపు చేసి ఫ్లాటు కొన్న ఉద్యోగికి ఆ నష్టం అంటగట్టే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.

కాబట్టి చేయాల్సినవి స్పష్టం. 2005, 2024 వరదల్లో ఏ సర్వే నంబరులో ఎంత ఎత్తు నీరు నిలిచిందో పటం గీసి వార్డు కార్యాలయంలో అతికించాలి. ఆ సమాచారాన్ని భవన అనుమతికి, రిజిస్ట్రేషన్‌కు ముడిపెట్టాలి. మాస్టర్ ప్లాన్‌లో నీటి దారులను రోడ్లతో సమానంగా, మార్చడానికి వీల్లేని గీతలుగా చూపాలి. ఎగువ పంచాయతీ, దిగువ నగరం, జలవనరుల శాఖ ఒకే వాగుకు ఒకే ప్రణాళిక రాయాలి. వెలగలేరు గేట్లు ఎత్తే ముందు దిగువ వార్డులకు ఎన్ని గంటల ముందు, ఎవరు, ఎలా చెప్పాలో అందులో ఉండాలి. ఏటా మే నెలలో, నైరుతి రాకముందే, కౌన్సిల్ సమావేశంలో ఈ ప్రణాళిక అమలును బహిరంగంగా చర్చించాలి. ఏ డ్రెయిన్ పూడిక తీశారు, ఏ పంపు పనిచేయడం లేదు, ముంపు పటం లోపల ఈ ఏడాది ఎన్ని అనుమతులిచ్చారు అన్నవి ఆ రోజు కార్పొరేటర్లు అడగాలి, అధికారులు రాతపూర్వకంగా జవాబివ్వాలి. అనుమతి మీద సంతకం చేసే చేతికి ఆ స్థలం మునిగే లోతు తెలిసి ఉండాలని చట్టం చేయగలిగితే, వచ్చే వరదలో సగం పని ముందే పూర్తయినట్టు.