నాలుగు గోడల మధ్య కారు: ప్రదర్శకులు పాటించవలసిన మర్యాద

కారును తమ అభిరుచికి తగినట్లు తీర్చిదిద్దుకోవడం తప్పని నేను అనను. ఆ కోరిక మన నేలకు కొత్తదేమీ కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం 1911లో ఆర్డరు వెళ్లిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు బార్కర్ సంస్థ వెనుక భాగంలో సింహాసనం వంటి ఆసనాన్ని అమర్చింది. హైదరాబాదు బహదూర్‌పురాలో 2010లో ప్రారంభమైన సుధా కార్ల మ్యూజియంలో క్రికెట్ బ్యాట్, బూటు, హ్యాండ్‌బ్యాగ్ ఆకారాల్లో నిజంగా నడిచే బండ్లు ఉన్నాయి. వాటిని నిర్మించిన సుధాకర్ యాదవ్ 2005లో తయారుచేసిన భారీ మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ పుస్తకానికెక్కింది. కనుక వికారాబాదులోనో తాండూరులోనో ఒక యువకుడు తన బండికి కొత్త రంగు, కొత్త చక్రాలు వేయించి నలుగురికి చూపించాలనుకుంటే అది సహజమైన ముచ్చటే.

నా ఆలోచన అంతా ఆ చూపించే స్థలం గురించే. వేసవి ఎండకూ, శ్రావణపు జల్లులకూ భయపడి నిర్వాహకులు ప్రదర్శనను మైదానంలో కాకుండా ఫంక్షన్ హాలులో పెట్టాలని చూస్తారు. పెండ్లిళ్ల కోసం కట్టిన హాలుకు పెద్ద తలుపులు రెండో మూడో ఉంటాయి. ఏసీ వేయగానే వాటినీ మూసేస్తారు. అటువంటి చోటికి పెట్రోలు, బ్యాటరీ, పొగగొట్టం ఉన్న యంత్రాలను ఇరవై ముప్పై తెచ్చి పెట్టి, వాటి మధ్యకు పిల్లలను, గర్భిణులను, వృద్ధులను ఆహ్వానిస్తున్నాము. అక్కడ ప్రదర్శకుని మర్యాద కేవలం సభ్యత కాదు, ప్రజారోగ్యానికి సంబంధించిన విషయం. అందుకే ఒక వైద్యునిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి నియమం: హాలులో ఇంజిన్ మోగరాదు

ఇంజిన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు, కానీ కణాలకు ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, తరువాత వికారం, తల తిరగడం, నీరసం. వీటిని చూసి ఎండదెబ్బ అనుకుంటారు, మధ్యాహ్నం తిన్న బిర్యానీ పడలేదనుకుంటారు. ఒకే హాలులో ఉన్న పలువురికి ఒకేసారి తలనొప్పి వస్తే అది బిర్యానీ పని కాదు, గాలి పని అని అనుమానించాలి.

ఇంకొక చిక్కు ఉంది. కరోనా రోజుల్లో మనందరికీ పరిచయమైన వేలి ఆక్సీమీటరు ఇక్కడ మోసం చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌గానే లెక్కిస్తుంది. మనిషి తూలిపోతున్నా పరికరం 98 చూపించగలదు.

ఈ వాయువు ఎవరికి ఎక్కువ హాని చేస్తుంది? గుండెజబ్బు ఉన్నవారికి, గర్భంలోని శిశువుకు, చిన్నపిల్లలకు, రక్తహీనత ఉన్నవారికి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అసలే హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న తల్లి నుంచి ఉన్న కొంచెమూ లాక్కునే వాయువు ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇంటిలోపలి గాలికి ప్రకటించిన మార్గదర్శకాలలో ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాముల మోతాదును 15 నిమిషాలకు, 35 మిల్లీగ్రాములను ఒక గంటకు మించనీయరాదని చెప్పింది. పాత కార్బ్యురేటరు ఇంజిన్ల పొగలో ఈ వాయువు కొన్ని శాతాల మేరకు ఉండవచ్చు. కొత్త బండిలో కెటలిటిక్ కన్వర్టరు ఉన్నా, వేడెక్కేవరకు అది సరిగా పనిచేయదు. పైగా శబ్దం కోసం సైలెన్సరు మార్చినవారిలో కొందరు ఆ కన్వర్టరునే తీసివేయిస్తారు.

"ఏసీ నడుస్తున్నది కదా" అని మీరనవచ్చు. హాళ్లలో సాధారణంగా బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, లోపలి గాలినే చల్లబరచి తిరిగి వదులుతుంది. సీలింగు ఫ్యాను ఉన్న విషాన్ని హాలంతా సమంగా పంచుతుంది. వీటిలో ఏదీ గాలిని మార్చడం కాదు.

"ఇంజిన్ చప్పుడు లేని కార్ల ప్రదర్శన ఏం ప్రదర్శన" అని కూడా అంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఇంజిన్ కోసమే లక్షలు ఖర్చుపెట్టినవాడు దాన్ని వినిపించాలనుకుంటాడు. అలాంటివారికి హాలు బయట, ఆరుబయలు ఆవరణలో, జనానికి దూరంగా, నిర్ణీత సమయంలో అవకాశం కల్పించాలి. లోపల మాత్రం మినహాయింపు ఉండరాదు. "అన్నా, ఒక్కసారి స్టార్ట్ చెయ్యరాదే" అని సెల్‌ఫోను పట్టుకొని అడిగే కుర్రవాడికీ, రిబ్బను కత్తిరించడానికి వచ్చిన ముఖ్య అతిథికీ ఒకటే జవాబు: "బయటికి రండి, చూపిస్తాను." ఆ మాట అనగలిగినవాడే మంచి ప్రదర్శకుడని నా అభిప్రాయం.

లోపలికి తెచ్చేటప్పుడు, తీసేటప్పుడు

బండ్లను సందర్శకులు రాకముందే, తలుపులన్నీ తెరిచి, ఒక్కొక్కటిగా లోపలికి తేవాలి. వీలైనంతవరకు ఇంజిన్ ఆపి నలుగురు కలిసి తోసుకొని రావడం మేలు. ప్రదర్శన ముగిశాక చివరి సందర్శకుడు వెళ్లేవరకు బండి కదలరాదు. "నాకు దూరప్రయాణం ఉంది, నేను ముందు వెళ్తాను" అని ఒకడు తాళం తిప్పితే వెనుక నలుగురు తిప్పుతారు. ఎక్కువ పొగ చేరేది ఆ చివరి అరగంటలోనే. త్వరగా వెళ్లవలసినవాడు ముందే చెప్పి ద్వారం దగ్గర స్థలం తీసుకోవాలి, లేదా రాకుండా ఉండాలి.

పెట్రోలు, బ్యాటరీ

పెట్రోలు చల్లని గదిలో కూడా ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కనుక నేలబారుగా పాకి, దూరంగా ఉన్న నిప్పురవ్వను కూడా చేరగలదు. ఎల్‌పీజీ కూడా అంతే. సీఎన్‌జీ మాత్రం పైకప్పు కింద పోగవుతుంది. అనేక దేశాలలో అనుసరించే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ హాలులో ప్రదర్శించే వాహనంలో ఇంధనం పావు ట్యాంకు లేదా 5 గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతకు మించరాదని చెబుతుంది. బ్యాటరీ తీగ విడదీయాలి. ట్యాంకు మూతకు తాళం వేయాలి. ఇంధనం నింపడం, తోడడం లోపల చేయరాదు. విద్యుత్ వాహనాలైతే చార్జి తక్కువగా ఉంచి తేవాలి, లోపల చార్జింగు పెట్టరాదు.

ప్రతి బండి పక్కన అగ్నిమాపక సిలిండరు ఉండాలి, దాన్ని వాడడం ప్రదర్శకునికి తెలిసి ఉండాలి. ఫొటో బాగా వస్తుందని తలుపుకు అడ్డంగా బండిని నిలపరాదు. నిప్పు పుట్టిన నాడు ఆ తలుపే ప్రాణం. హాలు జనరేటరును కిటికీ పక్కనో ద్వారం పక్కనో నడిపే అలవాటు మన దగ్గర ఉంది. ప్రదర్శకులంతా కలిసి దాన్ని దూరంగా పెట్టించమని అడగాలి. కార్లన్నీ ఆపివేసి, జనరేటరు పొగను లోపలికి రానిస్తే ఫలితం ఏముంది?

నేల, రంగు, శబ్దం

మన ప్రాంతపు హాళ్లలో ఎక్కడ చూసినా తాండూరు బండలే. అవి సున్నపురాళ్లు. నూనె చుక్క పడితే పీల్చుకొని మచ్చ కడతాయి. బ్యాటరీ ఆమ్లం గాని, చక్రాలు మెరిపించడానికి వాడే ఆమ్లద్రవం గాని పడితే రాయే కరుగుతుంది. పాలిషు పట్టిన బండ మీద నూనె పడితే పెద్దవయసువారు జారిపడతారు. అరవై దాటినవారికి తుంటి ఎముక విరగడమంటే ఏమిటో ఆ కుటుంబానికి తెలుసు. అందుచేత ఇంజిన్ కింద ట్రే, చక్రాల కింద చాప, చక్రాలకు అడ్డుకట్టలు తప్పనిసరి.

రంగు విషయంలో ఒక జాగ్రత్త. ఖరీదైన కారు రంగుల్లో గట్టిపరచడానికి కలిపే ఐసోసయనేట్లు ఆస్తమా తెప్పించగలవని వృత్తివ్యాధుల వైద్యంలో బాగా తెలిసిన విషయం. అది ముఖ్యంగా స్ప్రే చేసే పెయింటరుకు ముప్పు. ప్రదర్శన రేపనగా రాత్రికి రాత్రి రంగు వేయించమని అతన్ని తొందరపెట్టకండి. మూసిన షెడ్డులో, తగిన మాస్కు లేకుండా అతడు పీల్చేది మీ బండి మెరుపులోని భాగమే. రంగు పూర్తిగా ఆరని బండిని హాలుకు తెస్తే థిన్నరు ఆవిరికి ఆస్తమా రోగులు ఉక్కిరిబిక్కిరవుతారు. పాలిషు స్ప్రేలు కూడా లోపల కొట్టవద్దు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇక సౌండ్ సిస్టములు. వృత్తి ఆరోగ్య నిపుణులు 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలవరకు అనుమతిస్తారు. ప్రతి 3 డెసిబెళ్లకు ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెళ్ల దగ్గర దాదాపు 15 నిమిషాలే. నాలుగు గోడల మధ్య రెండు ఊఫర్లు పోటీపడితే ఈ హద్దు దాటడం కష్టం కాదు. చెవిలోని సూక్ష్మ రోమకణాలు చచ్చిపోతే తిరిగి పుట్టవు. పక్క బండి వాని పాట మునిగిపోయేలా మీ పాట పెంచడం గొప్ప కాదు. ఒకరి తరువాత ఒకరు, కొద్ది నిమిషాలు, తగ్గు స్వరంలో వినిపించండి.

మనుషులతో మర్యాద

బండిని వదిలి వెళ్లవద్దు. పిల్లవాడు పదునైన బాడీ కిట్ అంచును పట్టుకోవచ్చు, ఇంకా చల్లారని పొగగొట్టాన్ని తాకవచ్చు. అతనిపై కేకవేయకుండా ముందే తాడు కట్టి, పక్కన నిలబడి చూపించండి. పక్కవాని బండిని అడగకుండా ముట్టుకోవద్దు, తలుపు తెరవవద్దు. అప్పు చేసి చిన్న బండిని దిద్దుకొని వచ్చిన కుర్రవాణ్ణి వెక్కిరించవద్దు. హాలులో పొగాకు పూర్తిగా నిషేధం కావాలి. పెట్రోలు ఉన్న చోట సిగరెట్టు మీ ఊపిరితిత్తుల సమస్య ఒక్కటే కాదు.

హాలు దాటిన తరువాత

ప్రదర్శనలో మెచ్చుకున్నది రోడ్డుమీద నేరం కావచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను ఒప్పుకోదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలలవరకు జైలు కూడా పడవచ్చు. శబ్ద, పొగ ప్రమాణాలు మీరితే రూ.10,000 వరకు జరిమానా ఉంది. అద్దాలకు నల్ల ఫిల్మును సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది. అటువంటి బండిని ట్రక్కుపై హాలుకు తేవడమే పద్ధతి. ప్రదర్శన అయ్యాక అనంతగిరి ఘాటు మలుపుల్లో పందెం వేయడం, టైర్లు కాల్చడం ఏ మర్యాదకూ చెందదు. ఆ దారిలో కుటుంబాలు ద్విచక్ర వాహనాల మీద వస్తుంటాయి.

అనుకోనిది జరిగితే

నిర్వాహకులు ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం కొని హాలులో పెట్టాలి. ఒక్క బండి టైరు ధరలో అది వస్తుంది. ఎవరికైనా తలనొప్పి, వికారం, మగత కలిగితే ముందు అందరినీ ఆరుబయటికి తీసుకురండి, తలుపులు తెరవండి, 108కి ఫోను చేయండి, "మూసిన హాలులో ఇంజిన్ పొగ" అని స్పష్టంగా చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యునికి సగం రోగనిర్ణయం. మామూలు గాలిలో ఈ విషం సగం తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంట గంటన్నరలో తగ్గుతుంది. కాబట్టి మజ్జిగ తాగించి ఇంట్లో పడుకోబెట్టడం చికిత్స కాదు. పడుకున్నవాడు లేవకపోవచ్చు.

వికారాబాదు గాలి లక్ష మంది రోగులకు మందు అని మన పెద్దలు అనేవారు. క్షయరోగులు ఊపిరి కోసం అనంతగిరి శానటోరియానికి వచ్చిన కాలపు నమ్మకమది. ఆ గాలికి పేరున్న ఊరిలో, ఒక ఆదివారం సాయంత్రం సరదాకు వచ్చిన పసివాడు మన బండి పొగకు సొమ్మసిల్లరాదు. మీరు ప్రదర్శకులైతే, వచ్చే ప్రదర్శన ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు నిర్వాహకుణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: "హాలులో ఇంజిన్ నడపరాదన్న నియమం రాతలో ఉందా?" లేదంటే, దాన్ని రాయించిన తరువాతే మీ బండిని లోపలికి తోయండి.