విధేయత ముందా, విశ్వాసము ముందా?

“దేవుడున్నాడని మాకు ముందు నిశ్చయము కలుగవలెను, పిమ్మట ఆయన చెప్పినట్లు నడుచుకొందుము” అని పై తరగతుల విద్యార్థులు కొందరు పలుకుట మేము పలుమారు వినియున్నాము. ఈ మాట న్యాయముగనే తోచును. ఎఱుగనివానికి లోబడుట యెట్లు? బాలురడిగిన ఇట్టి ప్రశ్నను కసరి త్రోసివేయుట ఉపాధ్యాయునకు ధర్మము గాదు. విశ్వాసమునుండి విధేయత పుట్టుట నిజమే. ఐనను అనేకులకు విధేయతయే విశ్వాసమునకు వాకిలి యగుచున్నదని మా యభిప్రాయము. ఆ వాకిలి పొట్టిది. తల వంచినవాడే లోనికి పోగలడు.

రాజుల రెండవ గ్రంథము 5వ అధ్యాయములోని నయమాను చరిత్రమును చూడుడు. ఆతడు సిరియా రాజునకు సైన్యాధిపతి, పరాక్రమశాలి, కాని కుష్ఠరోగి. వెండి బంగారములను, పది దుస్తుల బట్టలను తీసికొని, గుఱ్ఱములతోను రథముతోను వచ్చి ఎలీషా యింటి వాకిట నిలిచెను. ప్రవక్త బయటికైనను రాక, యొర్దానులో ఏడుమారులు స్నానము చేయుమని దూతచే చెప్పించెను. నయమాను మండిపడెను. ప్రవక్త తన యెదుటికి వచ్చి, దేవుని పేరెత్తి ప్రార్థించి, చేయి ఆడించి స్వస్థపరచునని ఆతడు తలంచియుండెను. దమస్కు నదులకంటె ఈ యొర్దాను గొప్పదా యని వెనుకకు మరలెను. ఆతనికి కోపము వచ్చినది చెప్పిన పని కష్టమైనందున గాదు, మిక్కిలి సులభమైనందున. గొప్ప కార్యము చేయుమనిన చేసియుండెడివాడే. చిన్న మాటకు లోబడుటయే ఆతనికి భారమయ్యెను.

తుదకు దాసులు బ్రతిమాలగా నదిలో దిగి ఏడుమారులు మునిగెను. ఆతని దేహము పసిబిడ్డ దేహమువలె శుద్ధియయ్యెను. అప్పుడు ప్రవక్తయొద్దకు తిరిగి వచ్చి, ఇశ్రాయేలీయుల దేవుడు తప్ప లోకమందంతట మరియొక దేవుడు లేడని యొప్పుకొనెను. ఈ క్రమమును గమనింపుడు. నీటిలో దిగునప్పుడు ఆతనికి ఉండినది కొంచెము ఆశ మాత్రమే. నిశ్చయము గట్టెక్కిన తరువాత కలిగెను. చెఱువు గట్టున కూర్చుండి ఈత నేర్చినవాడు లేడు. దేవుని చిత్తము చొప్పున చేయగోరువాడే ఆ బోధ దేవునివలన కలిగినదో కాదో తెలిసికొనునని మన ప్రభువు బోధించిన దానికి ఇదియే యర్థమని మేము తలంచుచున్నాము.

ఇచట పెద్దలమైన మనము పొరపడుటకు అవకాశము కలదు. వినయమనగా చిన్నవారు పెద్దల యెదుట నోరు మెదపకుండుటయని మనము తలంతుము. నయమాను ఎవరి మాట వినెను? మొదట తన యింట చెఱపట్టబడియున్న చిన్నదాని మాట. పిమ్మట తన దాసుల మాట. కావున వినయము చిన్నవారికంటె పెద్దవారికే ఎక్కువ యవసరము.

ఈ సంగతి మేము సిగ్గుతో నేర్చుకొంటిమి. ఒకనాడు మేము నల్లబల్లపై వడ్డీ లెక్క వేయుచుండగా, వెనుక బల్లనున్న చిన్నవాడొకడు లేచి, “అయ్యగారూ, ఒక సున్న విడిచితిరి” అనెను. మేము కోపించి వానిని కూర్చుండుమంటిమి. గంట కొట్టిన పిమ్మట చూడగా సున్న విడిచిన మాట నిజమే. మఱునాడు తరగతి యెదుట మా తప్పు ఒప్పుకొనువరకు మా ప్రార్థన గొంతు దాటి రాలేదు. అనేక ప్రసంగములు నేర్పని పాఠమును ఆ సున్న మాకు నేర్పినది.

మన తెలుగు సంఘములకు చిరపరిచితులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి జీవితమును తలంపుడు. వారు 1874లో తిరునల్వేలి ప్రాంతమున జన్మించిన తమిళులు. 1909లో సేవకై దోర్నకల్ వచ్చినప్పుడు, ముప్పదియైదేండ్ల వయస్సువారైనను, తమది కాని తెలుగును క్రొత్తగా నేర్చుకొనిరి. విద్యావంతుడు పరభాషలో తప్పులు పలికి పల్లెవారిచే దిద్దించుకొనుట అల్పమైన వినయము గాదు. ఐనను వారి వినయము పిరికితనము కాలేదు. 1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో, మిషనెరీల త్యాగమును గౌరవించుచునే, దేశస్థులకు వారి స్నేహము కూడ కావలెనని నిర్భయముగా చెప్పిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘమునకు ప్రథమ భారతీయ బిషప్పుగా అభిషిక్తులైరి. దేవునికి లోబడినవాడు మనుష్యుల యెదుట సత్యము పలుకుటకు వెఱవడు.

బెత్లెహేమున క్రీస్తు జన్మస్థానమందలి దేవాలయ ద్వారము ఎత్తు సుమారు నాలుగడుగులు. గుఱ్ఱములనెక్కి ఎవరును లోనికి రాకుండునట్లు పూర్వము దానిని తగ్గించిరని చెప్పుదురు. అచట రాజైనను కూలివాడైనను వంగియే ప్రవేశింపవలెను. తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగి, మరణము పొందునంతగా విధేయుడైన ప్రభువు జన్మస్థలమునకు అట్టి ద్వారమే తగును.

ప్రియ విద్యార్థులారా, మీ సందేహములన్నియు తీరువరకు కాచుకొనకుడు. వానిని దాచుకొననూ వలదు, మాయొద్దకు తెండు. ఆలోగా, చేయవలెనని మీకు స్పష్టముగా తెలిసిన ఒక్క పని నేడు చేయుడు. తీసికొన్నదానిని తిరిగి యిండు. మాటలాడని స్నేహితునితో మీరే ముందుగా మాటలాడుడు. అలసిన తల్లికి కడవెడు నీళ్లు తెచ్చి పెట్టుడు. తలిదండ్రులారా, తోడి యుపాధ్యాయులారా, మనము తప్పుచేసినప్పుడు పిల్లల యెదుట ఒప్పుకొందము. మనము వంగుట చూచినగాని, వంగి లోనికి పోవలసిన వాకిలి యొకటి కలదని వారికెట్లు తెలియును?