నోటికి గట్టు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల విశ్వాసులకు సాగర్ ఎడమ కాలువ గురించి వేరే చెప్పనక్కరలేదు. మన పొలాల పచ్చదనం, మిర్యాలగూడ రైస్ మిల్లులకు చేరే ధాన్యం చాలావరకు ఆ నీళ్ల చలవే. అదే కాలువకు 2022 సెప్టెంబరులో నిడమనూరు మండలంలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన భారీ వర్షాలకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గరా గండి పడింది. అన్నం పెట్టిన నీళ్లే పొలాలను ముంచాయి. నీళ్లు మారలేదు, గట్టు తెగిందంతే.

మన నాలుకా అంతే. దానితోనే దేవుణ్ణి స్తుతిస్తాం, ఆయన పోలికలో పుట్టిన మనుషులను దానితోనే శపిస్తాం (యాకోబు 3:9). నాలుకకు కళ్లెం వేసుకోనివాడి భక్తి వట్టిదని యాకోబు తేల్చి చెప్పాడు (1:26). మందిరానికి రానివారి భక్తి తగ్గిందంటాం, కానుక వేయనివారి విశ్వాసం చల్లారిందంటాం. నోటిని బట్టి మాత్రం ఎవరి భక్తినీ కొలవం. మనదైతే అసలే కొలవం.

మా పరిచర్యలో జరిగిన ఒక సంగతి దాచకుండా చెబుతాం. చాలా ఏళ్ల క్రితం ఒక సంఘంలో కానుకల లెక్కలు చూసే పెద్దాయన మీద ఎవరో అనుమానంగా ఒక మాట మా చెవిన వేశారు. 'ఆయన కోసం ప్రార్థన చేయండి' అంటూ ఆ మాటను మేమే మరో ఇద్దరికి చేరవేశాం. వారం తిరిగేసరికి అది ఊరంతా పాకింది. తీరా పుస్తకాలు చూస్తే పైసా తేడా లేదు. ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం, ఆయన క్షమించారు. ఆ ఇద్దరికీ నిజం చెప్పాం. కానీ వాళ్లు ఎవరెవరితో అన్నారో ఆ ఇళ్లన్నీ మాకు తెలియవు. ఆ పెద్దాయన మళ్లీ ఆ పుస్తకాలు ముట్టలేదు. ప్రార్థన పేరుతో చెప్పినా కొండెం కొండెమే. ఈ రోజుల్లోనైతే సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక్క ఫార్వర్డ్ చాలు. వేలితో పంపినా అది నోటి మాట కిందే లెక్క.

అలాగని నోరు మూసుకోవడమే భక్తి కాదు. కాలువకు తూములు పెట్టింది నీళ్లు ఆపడానికే కాదు, అవసరమైన పొలానికి అవసరమైనంత వదలడానికి. వ్యర్థమైన ప్రతి మాటకూ లెక్క చెప్పాలని ప్రభువు హెచ్చరించాడు (మత్తయి 12:36). అక్కడ వాడిన 'ఆర్గోస్' అనే గ్రీకు మాటకు పని చేయనిది అని అర్థం. ఎవరినీ కట్టని, ఓదార్చని, సరిదిద్దని మాట అన్నమాట. నిందపడ్డ నిర్దోషి పక్షాన మాట్లాడాల్సినప్పుడు మౌనంగా ఉండటం కూడా నాలుకను అదుపు చేసుకోవడం కాదు, పిరికితనం.

నాలుకను ఏ నరుడూ సాధు చేయలేడని యాకోబే ఒప్పుకున్నాడు (3:8). హృదయంలో నిండిందే నోట పొర్లుతుంది గనుక, గట్టు వేయాల్సింది హృదయానికి. అది ప్రభువు కృప వల్లనే సాధ్యం. తన నోటికి కావలి ఉంచమని దావీదు వేడుకున్నది అందుకే (కీర్తన 141:3). ప్రభువును ఎరుగనని ముమ్మారు బొంకిన పేతురు నోటనే, ఆయన పునరుత్థానం తర్వాత ముమ్మారు ప్రేమను ఒప్పించుకున్నాడు.

వచ్చే ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లేముందు, మన మాట వల్ల గాయపడినవారి గడప ఒకటి తొక్కుదాం. గండి పూడ్చడం అక్కడే మొదలవుతుంది.