చింతపండు నిమ్మకాయంత, టైమ్ మూడు విజిల్స్!

వంటల యాప్ చేసేవాళ్లు దాన్ని ఆఫీసులో, పొడి చేతులతో టెస్ట్ చేస్తారు. వాడేవాళ్ల చేతులేమో పిండిలో ఉంటాయి. తేడా అక్కడే కొడుతుంది.

మా మాచారెడ్డి వైపు సర్వపిండి చేసే అమ్మనే తీసుకోండి. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, ఉల్లాకు కలిపి గంజుకు ఒత్తుతుంటుంది. తర్వాత ఏం చేయాలో చూద్దామంటే స్క్రీన్ ఆరిపోయింది. పిండి వేలికి ఫింగర్‌ప్రింట్ పనిచేయదు. దీనికి మందు ఎప్పుడో ఉంది. ఆండ్రాయిడ్ యాప్‌లో స్క్రీన్ ఆరకుండా ఉంచడానికి ఒక్క లైన్ కోడ్ చాలు. వెబ్‌సైట్ల కోసం ‘వేక్ లాక్’ క్రోమ్‌లో 2020లో, సఫారీలో 2023లో వచ్చింది. అయినా చాలామంది మర్చిపోతారు. యాడ్ పెట్టడం మాత్రం ఎవరూ మర్చిపోరు!

ఇక కొలతలు. రెసిపీలో ‘ఒక కప్పు’ అంటే సుమారు 240 మిల్లీలీటర్లు. మనింట్లో కప్పంటే చాయ్ కప్పే. నానమ్మల కాలంలో గిద్ద, సోల, తవ్వ ఉండేవి. ఇప్పుడు స్టీలు గ్లాసే మన కొలత, అదీ ఇంటికో సైజు. అందుకే నేనైతే యాప్ తెరవగానే లాగిన్ అడగను, ఒక్క ప్రశ్న అడుగుతా: లీటరు బాటిల్ నీళ్లతో మీ గ్లాసులు ఎన్ని నిండుతాయి? ఐదు అంటే గ్లాసు 200 మిల్లీలీటర్లు. ఆ తర్వాత ప్రతి వంటా వాళ్ల గ్లాసుల్లోనే కనిపించాలి.

టైమ్ కూడా అంతే. పప్పుకు ‘12 నిమిషాలు’ అంటే ఎవరికి కావాలి? మనకు మూడు విజిల్స్ కావాలి. టైమర్ కంటే విజిల్ కౌంటర్ పెట్టడం మేలు. నలుగురి వంటను పదహారు మందికి మార్చితే ఉడికే టైమ్‌ను కూడా నాలుగుతో గుణించే యాప్ ఉంటే, వెంటనే డిలీట్ చేయండి.

వెతకడం ఇంకో తలనొప్పి. మనం ఎల్లిగడ్డ అంటాం, యాప్‌కు వెల్లుల్లి మాత్రమే తెలుసు. ఆలుగడ్డ కొడితే బంగాళదుంప రాదు, గోకరకాయ కొడితే గోరుచిక్కుడు రాదు. పైగా సగం మందిమి తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తాం. ఒక కూరగాయకు ఎన్ని పేర్లుంటే అన్నీ, ఎన్ని స్పెల్లింగులుంటే అన్నీ సెర్చ్‌కు నేర్పాలి. బోరింగ్ పనే, కానీ యాప్ బతికేది దానితోనే.

వందేళ్లు దాటాక యూట్యూబ్‌లో వండి, 2018లో చనిపోయిన గుంటూరు జిల్లా మస్తానమ్మ గుర్తుందా? ఆమె వీడియోల్లో జనం చూసింది గ్రాములు కాదు, ఆ చేతులు.

నా లెక్కలో ఈ యాప్ అందరికంటే ఎక్కువ అవసరమయ్యేది గల్ఫ్‌లో ఉన్న మనోళ్లకు. కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లి, రూమ్‌లో వంతులవారీగా వండుకునేవాళ్లు చాలామంది. పచ్చిపులుసుకు చింతపండు ఎంత అని ఇంటికి ఫోన్ చేస్తే ‘నిమ్మకాయంత’ అంటుంది భార్య. అతనికి అది అర్థమవుతుంది. ‘25 గ్రాములు’ అంటే త్రాసు ఎక్కడిది?

అందుకే రెసిపీ పక్కన ఒక మైక్ బటన్ ఉండాలి. ఆమె వండుతూ మాట్లాడితే రికార్డ్ కావాలి. దాన్ని అక్షరాల్లోకి మార్చండి, కానీ గొంతును తీసేయొద్దు. ఆడియో కాబట్టి వీడియో అంత డేటా తినదు. నెట్ లేకున్నా వినేలా ఫోన్‌లోనే సేవ్ అయి ఉండాలి. దుబాయ్‌లో అతను డ్యూటీ దిగి స్టవ్ వెలిగించేసరికి రాత్రి 11. మాచారెడ్డిలో అప్పటికి పన్నెండున్నర, ఆమె పడుకొని ఉంటుంది.