కన్నవారి ప్రయాణము – వీసా వాకిలి

కన్నబిడ్డ ముఖము చూచివచ్చుటకు పరదేశ ప్రభుత్వము ననుమతి వేడవలసిన కాలము మన తెలుగుదేశమున నింటింటికిని వచ్చినది. గుంటూరునను విజయవాడనను వరంగల్లునను కరీంనగరమునను, బిడ్డ అమెరికాలో లేని యిల్లు లేని వీధి అరుదు. కుమార్తె పురిటికి తల్లి పోవలయును. మనుమని అన్నప్రాశనమునకు తాతగారు పోవలయును. ఏండ్ల తరబడి స్వదేశమునకు రాలేకున్న కొడుకు నొకసారి కన్నులార చూడవలయును. ఇందేదియు నేరము గాదు, వ్యాపారము గాదు. అయినను ఈ యాత్రకు పూనుకొన్న వృద్ధదంపతులు నెలల తరబడి నిద్రాహారములు మాని కలత చెందుచున్నారు. ఈ కలతలో కొంత పరదేశపు చట్టము వలన కలిగినది. కొంత మనవారి యజ్ఞానము వలనను, దళారుల దురాశ వలనను కలిగినది. రెంటిని వేరుచేసి చూచుట యవసరమని మేము తలచుచున్నాము.

వాకిలి మూసికొనుట ఆ ఖండమునకు క్రొత్త గాదు. 1914వ సంవత్సరమున కోమగాటమారు నౌకలో కెనడాలోని వాంకూవరు రేవునకు చేరిన 376 మంది యాత్రికులలో మిక్కిలి కొలదిమందిని దప్ప తక్కినవారిని దిగనీయక, రెండు నెలలు నీటిమీద నిలిపి వెనుకకు మరలించిరి. 1917లో అమెరికా చట్టము మన దేశమును నిషిద్ధ మండలమున జేర్చినది. 1923లో భగత్‌సింగ్ థిండు కేసున భారతీయునకు పౌరసత్వార్హత లేదని వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1946లో ఏటికి నూరుగురికి మాత్రము వలస పోవుటకు వీలు కల్పించిరి. 1965 చట్టముతో గాని ఆ తలుపు నిజముగా తెరువబడలేదు. ఆనాడు జాతిని జూచి త్రోసిరి. నేడు సందేహమును జూచి త్రోయుచున్నారు. ఈ భేదము చిన్నది గాదు. అయినను త్రోయబడిన తల్లికి దుఃఖమొక్కటియే.

నేటి చట్టము స్వరూప మెట్టిది? అమెరికాలో 1952 నాటి వలస చట్టమునందు 214వ సెక్షను (బి) ఉపవిభాగము కలదు. చూచిపోవుటకు వచ్చుచున్నానని చెప్పు ప్రతివానిని, స్థిరనివాసమునకే వచ్చుచున్నవానిగా భావింపవలయు ననియు, కాదని ఋజువు చేయు భారము దరఖాస్తుదారునిదే యనియు దాని సారాంశము. మన న్యాయస్థానములలో నేరము ఋజువగునంతవరకు ముద్దాయి నిర్దోషి. ఆ కిటికీ యొద్ద, తిరిగివత్తునని నమ్మించునంతవరకు ముసలితల్లి వలసదారు. ఈ యొక్క సంగతి గ్రహించినవారికి తక్కినదంతయు బోధపడును. అధికారి యడుగు ప్రశ్నలన్నిటి వెనుకను నున్న ప్రశ్న యొక్కటే: "నీవు తిరిగి వత్తువా?"

ఆ యధికారి నిర్ణయముపై అప్పీలు లేదు. కాన్సలు నిర్ణయమును న్యాయస్థానములు సామాన్యముగా విచారింపవను సూత్రము అక్కడ చిరకాలముగా నున్నది. 2024 జూన్ మాసమున మున్యోజు కేసునందు, విదేశీయుడైన భర్తను దేశములోనికి రప్పించుకొను మౌలికమైన హక్కు అమెరికా పౌరురాలికే లేదని వారి సుప్రీంకోర్టు తేల్చినది. భార్యకే లేని హక్కు, పనివీసాపై నున్న కుమారునకు కలదా? మన దేశమున 1978లో మేనకాగాంధీ కేసునందు, విదేశయాత్ర చేయు స్వేచ్ఛ వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమని స్థిరపడినది. కాని ఆ హక్కు మన గడప దాటుటకే. ఎదుటివాని గడప త్రొక్కుటకు గాదు.

ప్రతి రాజ్యమునకును తన వాకిలి కాచుకొను నధికారము కలదని మే మొప్పుకొనుచున్నాము. ఆ యధికారమును మన రాజ్యమును చెలాయించుచున్నది. మా యాక్షేపణ యధికారముపై గాదు, దానిని నడపు రీతిపై. కోవిడు తరువాత 2022-23 సంవత్సరములలో మన దేశమున తొలిసారి దరఖాస్తు చేయువారికి కొన్ని కేంద్రములలో ఐదువందల దినములకు మించి నిరీక్షణ పట్టినది. గర్భవతియైన కుమార్తె ఐదువందల దినములు ఆగగలదా? 2023 జూన్‌లో రుసుమును 160 డాలర్లనుండి 185 డాలర్లకు పెంచిరి. దంపతులిద్దరికి 370 డాలర్లు, అనగా ముప్పదివేల రూపాయలకు పైమాట. నిరాకరించిన యెడల తిరిగిరాదు. 2025 జూలై 4వ తేదీ చట్టమున మరి 250 డాలర్ల రుసుము విధించుటకు నిబంధన చేర్చిరి. 79 ఏండ్లు దాటిన వృద్ధులను ముఖాముఖి ప్రశ్నించుట మానుకొను మర్యాద పూర్వముండెడిది. 2025 సెప్టెంబరు 2వ తేదీతో అదియు తీసివేసిరి. ఎనుబది యేండ్ల అవ్వ శ్రీకాకుళము నుండి హైదరాబాదు నానక్‌రామ్‌గూడ వరకు వచ్చి వరుసలో నిలువవలసినదే. ఇంత శ్రమపడి వచ్చినవారికి అచట లభించు సమయము పెక్కుసారులు కొన్ని నిమిషములే. నిరాకరించినపుడు చేతికిచ్చు కాగితమున సెక్షను పేరుండునే గాని, తమయందేమి లోపము కనబడెనో ఆ వృద్ధులకు తెలిసిరాదు.

బిడ్డలే రారాదా యని కొందరందురు. రాగలిగిన రాకుందురా? హెచ్-1బి వీసాపై నున్నవారు స్వదేశమునకు వచ్చి తిరిగిపోవుటకు మరల ముద్ర వేయించుకొనవలసి వచ్చును. ఆ ముద్ర పడకున్న ఉద్యోగము, ఇల్లు, బడికి పోవు పిల్లలు అచటనే చిక్కుకొందురు. ఉద్యోగముల మూలమున నిచ్చు శాశ్వత నివాసపత్రములలో ఏ యొక్క దేశమునకును నూటికి ఏడు పాళ్లకు మించరాదను కట్టడి యుండుటచే, మనవారు దశాబ్దముల తరబడి వేచియుండవలసి వచ్చుచున్నది. పౌరసత్వము పొందిన బిడ్డ యిరువదియొక్క యేండ్లు నిండినవాడైన యెడల తల్లిదండ్రులను స్థిరనివాసమునకే పిలిపించుకొనవచ్చును. పౌరసత్వము రానివానికి ఆ దారి లేదు. కావున తాను రాలేడు, వారిని ఉంచుకొనలేడు. ఆరుమాసముల చూపునకైన వారినే రప్పించుకొనవలయును. తండ్రి అంత్యక్రియలను ఫోనుతెరపై చూచి కన్నీరు కార్చిన కుమారులు మన యూళ్ల యిండ్లలో ఎందరో కలరు. ఈ వీసా విలాసయాత్రకు సంబంధించిన దని తలచువారు ఆ యిండ్లకు పోయి యడుగవలయును.

ఇక మనవారి లోపములు చెప్పవలయును. న్యాయవాద వృత్తిలో నుండుటచే ఇట్టి కాగితములు పట్టుకొని మా యొద్దకు వచ్చువారిని తరచుగా చూచుచున్నాము. ఉన్న నిజము చాలియుండగా లేని యబద్ధమును కొనుక్కొని చెడినవారే వారిలో ఎక్కువ. పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయుడు, సొంత యిల్లు, నాలుగెకరముల మాగాణి, ఊరిలో మరియొక కుమారుడు: తిరిగివచ్చుట కింతకంటె బలమైన కారణమేమి కావలయును? కాని దళారి యతనికి బ్యాంకులో వారము దినములకు అప్పుసొమ్ము నిలువచూపు మనును. కొడుకు ఊసెత్తవలదు, దేశము చూడబోవుచున్నా మనుమనును. పదునైదు దినములని చెప్పుమనును. దరఖాస్తులో మూడు నెలలని యుండును. కిటికీ యొద్ద రెండు మాటలు పొసగవు. ఆ నిముషముననే యాత్ర ముగియును.

నిరాకరణ కంటె నిది ఘోరము. 214(బి) క్రింద కాదన్నచో అది శాశ్వతము గాదు. పరిస్థితి మారినపుడు మరల రుసుము చెల్లించి దరఖాస్తు చేయవచ్చును. కాని బుద్ధిపూర్వకముగా ముఖ్యవిషయమున నసత్యము చెప్పినట్లు తేలినచో ఆ చట్టములోని 212వ సెక్షను క్రింద జీవితాంతము ప్రవేశనిషేధ మేర్పడును. దళారి తన సొమ్ము తాను పుచ్చుకొని పోవును; శిక్ష అనుభవించునది ముసలితల్లి.

కావున నిట్టి యాత్రకు పూనుకొనువారికి మేము చెప్పునది యిది. డీయస్-160 అను దరఖాస్తే సర్వస్వము; ఆ కిటికీ యొద్ద అధికారి యెక్కువగా చూచున దదియే. దానిని బిడ్డ అమెరికాలో కూర్చుండి నింపినను, ప్రతి ప్రశ్నకు వ్రాసిన జవాబును తల్లిదండ్రులకు తెలుగున చదివి వినిపింపవలయును. బిడ్డలెచట నున్నారు, ఏ వీసాపై నున్నారు, తమ పేర వలస దరఖాస్తు ఎవరైన వేసియున్నారా యను ప్రశ్నలకు ఉన్నదున్నట్లు చెప్పవలయును. ఆ సంగతులు వారి పుస్తకములలో ముందే యుండును. ఆహ్వానపత్రమును, పోషణ హామీపత్రమును పెద్ద ఆయుధములని పలువురు నమ్ముచున్నారు. అవి యవసరము లేదని ఆ ప్రభుత్వమే చెప్పుచున్నది. బిడ్డ సంపద గాక, దరఖాస్తుదారునకు స్వదేశమున గల బంధములే ప్రమాణము. ఆంగ్లము రాకున్న సిగ్గుపడవలదు. తెలుగున మాటాడుదునని అడుగవచ్చును. నేర్చిన యింగ్లీషు పాఠము కంటె తడబడని తెలుగుమాట మేలు.

వీసా దొరికిన పిమ్మటను మెలకువ కావలయును. మనవారికి సామాన్యముగా పదేండ్ల గడువుతో వీసా ఇచ్చుచున్నారు. పదేండ్లు వీసా యున్నదని ఒక్కసారిగా ఏడాది యుండవచ్చు ననుకొనుట పొరపాటు. ఎన్నాళ్లుండవచ్చునో విమానాశ్రయమున అధికారి నిర్ణయించును. సామాన్యముగా ఆరు మాసములు. ఐ-94 అను పత్రమునందలి ఆ తేదీయే శాసనము. పొడిగింపు కావలసినచో ఆ తేదీ దాటకముందే దరఖాస్తు చేయవలయును. గడువు దాటి 180 దినములకు మించి నిలిచి బయలుదేరినచో మూడేండ్లు, ఏడాది నిండ నిలిచినచో పదేండ్లు తిరిగి ప్రవేశము లేదు. ఆరోగ్యబీమా లేక ప్రయాణము చేయుట సాహసము; అచటి ఆసుపత్రిలో కొలది దినములు పడుకొన్న పింఛనుదారు జీవితకాలపు నిలువ కరగిపోగలదు.

బిడ్డలకును ఒక మాట. తల్లిదండ్రులను పిలిపించుకొనుట ప్రేమచేతనా, పసిబిడ్డను చూచుకొను మనిషి దొరకకనా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. ఆరుమాసములు వియ్యపురాలు, ఆరుమాసములు అత్తగారు అని వంతులు వేసి, పెద్దలను నాలుగుగోడల నడుమ నుంచి, మాటాడు మనిషి లేక మంచును చూచుచు కూర్చుండజేయుట సేవ గాదు. మనుమని యెత్తుకొనుట ఆ తల్లికి ఆనందమే. ఆ యానందమును కొలువుగా మార్చకుడు.

ఇతర దేశములు ఇంతకంటె దయతో నడచుటకు వీలున్నదని చూపినవి. కెనడా 2011 డిసెంబరునుండి తల్లిదండ్రులకును అవ్వతాతలకును 'సూపర్ వీసా' నేర్పరచినది. 2022 జూలై నుండి ఒక్కమారు ఐదేండ్ల వరకు ఉండనిచ్చుచున్నది. లక్ష డాలర్ల ఆరోగ్యబీమాను, బిడ్డ ఆదాయమును చూపుమనును. కోమగాటమారును త్రిప్పిపంపిన దేశమే యిది! ఆస్ట్రేలియా 2019లో తల్లిదండ్రులకై మూడేండ్లు, ఐదేండ్లు ఉండదగిన ప్రత్యేక వీసా నేర్పరచినది. మన దేశము తన వంతు చేసినది: పరదేశ పౌరులైన మన బిడ్డలకు జీవితకాలము రాకపోకలకు వీలిచ్చు ఓసీఐ పత్రమును 2006 జనవరిలో హైదరాబాదున జరిగిన ప్రవాసి భారతీయ దివస సభయందే ప్రారంభించిరి. బిడ్డ వచ్చుటకు మేము శాశ్వతముగా తలుపు తెరచితిమి; తల్లి పోవుటకు మీరు కొంత తెరువుడని అడుగుట భిక్ష గాదు, న్యాయము. తల్లిదండ్రులకు ప్రత్యేక తరగతి, ప్రసవమునకును ప్రాణాపాయమునకును సత్వర విచారణ, నిరాకరించినపుడు రెండు వాక్యములలో కారణము – ఈ మూడును మన విదేశాంగశాఖ ప్రతి సంభాషణమునందును కోరవలయును. వ్యాపారపు లెక్కలు మాటాడు పీటపై కన్నవారి మాటకును చోటుండవలయును.

ప్రభుత్వములు కదలునంతవరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. చిలుకూరు బాలాజీ సన్నిధిని పదునొకండు ప్రదక్షిణములు మ్రొక్కి, వీసా వచ్చిన పిమ్మట నూటయెనిమిది చేయుచున్నారు. భక్తి మంచిదే, కాని దరఖాస్తులో తప్పును దేవుడు దిద్దడు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిననాటినుండి మన గ్రంథాలయములు ప్రజలకు అక్షరమే గాక ధైర్యమును ఇచ్చినవి. నేడు ప్రతి పట్టణమందలి పఠనమందిరమునను వారమున కొక సాయంకాలము, ఒక న్యాయవాదియు, ఒక విశ్రాంతోద్యోగియు, కంప్యూటరు తెలిసిన ఇద్దరు యువకులును కూర్చుండి, వచ్చిన పెద్దలకు దరఖాస్తు చదివి చెప్పి, ఉన్న నిజమును ఉన్నట్లు వ్రాయించి, రుసుము తీసికొనక పంపగలిగిన యెడల, దళారుల దుకాణములలో సగము మూతపడును. మా పట్టణమున నీ పనికి మేము సిద్ధముగా నున్నాము. తక్కిన పట్టణముల సోదరులును పూనుకొందురు గాక. కన్నబిడ్డను చూడబోవు తల్లి ఆ కిటికీ యెదుట నేరస్థురాలివలె వణకక, నిజము చెప్పు గృహిణివలె తలయెత్తి నిలువవలయును. అంతవరకు చేయుట మన చేతిలోనిదే.